ఆపరేషన్ ఖర్చు - పాడి ఎనుము

పాల సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు సేకరణ రిజిస్టరులో కొన్ని పేర్లకు ఎదురుగా ఉన్నట్టుండి గడులు ఖాళీగా కనబడుతుంటాయి. రెండు పూటలా క్రమం తప్పక పాలు పోస్తున్న సభ్యుడు ఒకనాటి నుండి పోయడం మానివేస్తాడు. పశువు ఒట్టిపోయిందా అని కార్యదర్శిని అడిగితే, "లేదు సార్, ఇంట్లో ఆపరేషన్ అయింది, ఎనుమును అమ్ముకొన్నారు" అనే జవాబు ఒక్కొక్కసారి వస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలోని మన సంఘాల సభ్యులలో ఎక్కువమంది ఒకటి రెండు పశువులు గల సన్నకారు రైతులు, కూలి చేసుకొనేవారు. అటువంటి ఇంటిలో శస్త్రచికిత్స అవసరమైతే మొదట చూపు పడేది పాకలోని పశువు మీదనే.

ఆపరేషన్ ఖర్చు అంటే ఏమేమి, దానిలో ప్రభుత్వ పథకం భరించేది ఎంత, భరించనిది ఎంత, ఆ మిగిలిన దానికోసం పాడి పశువును అమ్ముకొనకుండా సభ్యులూ సంఘాలూ ఏమి చేయవచ్చు అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఖర్చు ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు

ఆపరేషన్ అనగానే మనం డాక్టరు ఫీజు, గది అద్దె, మందుల బిల్లు మాత్రమే లెక్కిస్తాము. వాస్తవానికి ఖర్చు మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది ఆపరేషన్‌కు ముందు జరిగేది: జబ్బు ఏమిటో తేలేవరకు నలుగురు డాక్టర్ల వద్దకు తిరగడం, స్కానింగులు, రక్త పరీక్షలు, బస్సు చార్జీలు. రెండవది ఆసుపత్రి బిల్లు. మూడవది బయటికి కనబడని ఖర్చు: రోగికి తోడు ఉన్నవారి తిండి, పోయిన కూలి, తరువాతి పరీక్షలకు మళ్ళీ చేయవలసిన ప్రయాణాలు, రోగి కోలుకొనేవరకు ఆగిపోయిన పని.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక నియమించిన అంతర్జాతీయ సంఘం 2015లో ఒక నివేదిక ప్రకటించింది. ప్రపంచంలో సుమారు 500 కోట్ల మందికి సురక్షితమైన, తమ శక్తికి తగిన ఖర్చుతో కూడిన శస్త్రచికిత్స సకాలంలో అందడం లేదని ఆ నివేదిక తేల్చింది. ఆపరేషన్, మత్తు ఇచ్చే ఖర్చుల వల్ల ఏటా 3.3 కోట్ల మంది కోలుకోలేని ఆర్థిక దెబ్బ తింటున్నారట. ప్రయాణం, తిండి వంటి వైద్యేతర ఖర్చుల వల్ల అటువంటి దెబ్బ తింటున్నవారు మరో 4.8 కోట్ల మంది. అనగా ఆసుపత్రి బిల్లు కంటె దాని చుట్టూ ఉన్న ఖర్చే ఎక్కువ ఇళ్ళను కూల్చుతున్నది. సభ్యులు ఈ సంగతిని బాగా గుర్తుంచుకోవాలి.

మన దేశంలో 2014లో జరిగిన 71వ జాతీయ నమూనా సర్వే ప్రకారం, పల్లెలలో ఆసుపత్రిలో చేరిన సందర్భాలలో నూటికి 25 వరకు ముఖ్యంగా అప్పుతోనే గట్టెక్కాయి. పొదుపు అయిపోతే అప్పు, అప్పు పుట్టకపోతే నగ, నగ లేకపోతే పశువు, ఇదీ మన పల్లెల్లో నడిచే వరుస.

ఎనుమును అమ్మితే లెక్క ఎట్లా ఉంటుంది?

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకొందాము. అంకెలు లెక్క కోసం వేసుకొన్నవి. ఎవరి ఊరి ధరలను బట్టి వారు మార్చుకోవచ్చు.

ఒక ఇంటి యజమానికి పథకం కింద తిరుపతిలో ఆపరేషన్ జరిగిందనుకొందాము. ఆసుపత్రికి కట్టినది ఏమీ లేదు. అయినా ముందు తిరిగిన ప్రయాణాలకు, పరీక్షలకు రూ. 8,000. భార్య తోడుగా 12 రోజులు ఉంటే ఆమె తిండికి రూ. 3,000, ఆమె పోగొట్టుకొన్న కూలి రోజుకు రూ. 400 చొప్పున రూ. 4,800. రోగి 40 రోజులు పనికి పోలేకపోతే రూ. 16,000. తరువాతి మందులకు, ప్రయాణాలకు రూ. 3,200. వెరసి రూ. 35,000. ఉచితంగా జరిగిన ఆపరేషన్‌కు ఆ ఇంటికి పడిన భారం ఇది.

ఈ డబ్బు కోసం రూ. 80,000 విలువ చేసే పాడి ఎనుమును అమ్ముతారు. అవసరం తెలిసిన బేరగాడు పూర్తి ధర ఇవ్వడు. రూ. 65,000 ఇస్తాడనుకొందాము. రూ. 35,000 ఖర్చులకు పోగా రూ. 30,000 మిగులుతుంది. అదీ చేతిలో నిలిచిందనే అనుకొందాము. మళ్ళీ అటువంటి ఎనుమును కొనాలంటే రూ. 80,000 కావాలి. అందుకు రూ. 50,000 అప్పు చేయాలి. అనగా రూ. 35,000 అప్పు తప్పించుకోబోయి రూ. 50,000 అప్పులో పడడమన్నమాట.

పోయిన పాల సంగతి వేరే ఉంది. రోజుకు 6 లీటర్లు, లీటరుకు రూ. 50 చొప్పున రూ. 300. మేత, దాణా ఖర్చు రూ. 160 పోగా రూ. 140 మిగులుతుంది. ఏడాదిలో 280 రోజులు పాలిచ్చిందనుకొంటే రూ. 39,200. ఒట్టిపోయిన 85 రోజుల మేపుడు ఖర్చు, రోజుకు రూ. 80 చొప్పున, రూ. 6,800 తీసివేస్తే నికరంగా రూ. 32,400. దూడ, పేడ ఎరువు, ఇంట్లో పిల్లలకు పోసే పాలు దీనిలో చేర్చలేదు.

అదే రూ. 35,000లను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా మొదటి నెల వడ్డీ రూ. 700. ఎనుము మీద నెలకు సగటున వచ్చే రూ. 2,700లతో వడ్డీ, అసలు తీర్చుకొంటూ పోతే ఏడాదిన్నర లోపలే అప్పు తీరుతుంది. ఎనుము పాకలోనే ఉంటుంది. పాల డబ్బంతా అప్పుకే పోతే ఇల్లు గడిచేదెట్లా అని సభ్యులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుచేతనే ఆ రూ. 35,000లను మొదటే ఎంత తగ్గించగలం, మిగిలిన దానిని ఎంత తక్కువ వడ్డీకి సర్దగలం అనేది చూడాలి.

మన ప్రాంతంలో ధర్మ వైద్యం నుండి పథకం వరకు

చౌకగా శస్త్రచికిత్స అందించే ప్రయత్నం మన ప్రాంతానికి కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ వారు 19వ శతాబ్దం చివర జమ్మలమడుగులో వైద్యసేవ ప్రారంభించారు. అక్కడ పనిచేసిన డాక్టరు క్యాంప్‌బెల్ పేరనే ఆ ఆసుపత్రిని నేటికీ పిలుస్తున్నారు. వైద్యపట్టా పుచ్చుకొన్న తరువాత అదే ఆసుపత్రిలో కొంతకాలం మెడికల్ ఆఫీసరుగా పనిచేసిన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పారు. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి ప్రారంభమై గుండె ఆపరేషన్లను సైతం ఉచితంగా చేయసాగింది. తిరుపతిలో దేవస్థానం వారు 1985లో ఎముకల ఆపరేషన్లకు బర్డ్ ఆసుపత్రిని స్థాపించారు. కడపలో 2006లో రిమ్స్ ఏర్పడింది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నది.

అయితే ధర్మాసుపత్రి ఎంత గొప్పదైనా దాని పడకలు కొన్నే. రాష్ట్రమంతటి పేదలకు పెద్ద ఆపరేషన్ల బిల్లును ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పేర మొదలైంది. రాజశేఖరరెడ్డిగారు అప్పటి ముఖ్యమంత్రి. మొదట అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించి, 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించారు. అప్పటి పరిమితి కుటుంబానికి ఏటా రూ. 1,50,000, అవసరమైతే మరో రూ. 50,000. తరువాతి ప్రభుత్వాలు పేరును, పరిమితిని, జబ్బుల జాబితాను మార్చుతూ వచ్చాయి. 2024 నుండి దీనిని డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా సభ్యునికి కావలసిన విషయం ఒక్కటే: జాబితాలో ఉన్న ఆపరేషన్‌కు, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో, అనుమతి వచ్చిన తరువాత రోగి నుండి డబ్బు తీసుకోరాదు.

ఈ పథకం వల్ల పెద్ద బిల్లుల భయం చాలావరకు తగ్గిన మాట నిజం. అయినా ఆరోగ్యశ్రీ మీద 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పథకం కింద ఆపరేషన్ చేయించుకొన్నవారిలో సగానికి పైగా తమ చేతి డబ్బు కూడా ఖర్చు పెట్టుకొన్నట్లు తేలింది. పైన చెప్పిన మొదటి, మూడవ భాగాలు అవే.

సభ్యులు పాటించవలసినవి

1. జబ్బు అనుమానం రాగానే ప్రైవేటు స్కానింగుకు డబ్బు కట్టకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని, ప్రభుత్వ ఆసుపత్రిలోగాని చూపించుకోండి. పథకం ఆసుపత్రులలో వైద్యమిత్ర అనే ఉద్యోగి ఉంటాడు. వెనుక ఆరోగ్యమిత్ర అన్నది ఇతనినే. 104 నంబరుకు ఫోను చేసినా ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్ ఉన్నదో చెబుతారు. తిరిగే ప్రయాణాలు ఇక్కడనే సగం తగ్గుతాయి.

2. బయలుదేరే ముందు ఆ ఆసుపత్రి ఆ రోజులలో పథకం కింద రోగులను చేర్చుకొంటున్నదా అని ఫోనులో అడగండి. బకాయిలు అందలేదని 2024, 2025 సంవత్సరాలలో కొన్ని ఆసుపత్రులు పథకం సేవలను నిలిపివేసిన సందర్భాలున్నాయి. తిరుపతి దాకా పోయి వెనుదిరిగితే ఆ చార్జీలు ఎవరూ ఇవ్వరు.

3. కార్డు, ఆధారు, పాత పరీక్షల కాగితాలు ఒక సంచిలో ఉంచుకోండి. ఇది నగదు లేకుండా చేసే వైద్యం గాన, ముందు మనం కట్టి తరువాత పథకం నుండి రాబట్టుకోవచ్చుననుకోవడం పొరపాటు. అనుమతి రాకముందే అడ్వాన్సు కట్టమంటే వైద్యమిత్రకు చెప్పండి. అత్యవసరమైతే ఫోను మీద కూడా అనుమతి తీసుకొనే పద్ధతి ఉన్నది. పథకంలో లేని ఆపరేషన్‌కు డబ్బు కట్టవలసి వస్తే అసలు బిల్లులన్నీ భద్రపరచండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవడానికి అవి అవసరం.

4. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇచ్చే మందులను, తిరిగి చూపించుకోవలసిన తేదీని అడిగి తెలుసుకోండి. పథకం కింద డిశ్చార్జి తరువాత 10 రోజుల వరకు మందులు ఇవ్వవలసి ఉన్నది.

5. కాన్పు సిజేరియన్ అయినా సరే ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, భోజనం, రాకపోకలు ఉచితమని 2011లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కంటి శుక్లాల ఆపరేషన్ కూడా ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితమే. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుండి కేంద్ర ఆయుష్మాన్ పథకం వర్తిస్తున్నది. ఇంట్లో పెద్దవారికి కార్డు ముందుగానే తీసి ఉంచడం మంచిది.

ఆలస్యమూ నష్టమే, తొందరా నష్టమే

చాలామంది ఖర్చుకు భయపడి ఆపరేషన్‌ను వాయిదా వేస్తారు. గజ్జలో హెర్నియా వాపు ఉన్నవారు పంట కోతలైపోనీ, పిల్ల పెండ్లి కానీ అని రెండు మూడేళ్ళు గడుపుతారు. పేగు అందులో చిక్కుకొని రక్తప్రసారం ఆగిపోతే అప్పటికప్పుడు ఆపరేషన్ చేయవలసి వస్తుంది. కొన్నిసార్లు పేగు ముక్కను తీసివేయవలసి వస్తుంది. ప్రాణాపాయమూ ఉన్నది. ముందే నిర్ణయించుకొని చేయించుకొంటే పొలం పని లేని రోజులలో, పశువు ఒట్టిపోయిన రోజులలో చేయించుకోవచ్చు. తోడుకు మనిషినీ చూసుకోవచ్చు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉన్నది. గర్భసంచి తీసివేసే ఆపరేషన్ సంగతి చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది కాగా, మన రాష్ట్రంలో నూటికి 9 మంది దాకా ఉన్నారు. అవసరం లేకున్నా చేస్తున్నారన్న విమర్శలు వచ్చి, ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. పాడి పని చేసేది ముఖ్యంగా మన ఆడవారే. కడుపునొప్పికి, తెల్లబట్టకు గర్భసంచి తీసివేయమని ఎవరైనా చెబితే ప్రభుత్వ ఆసుపత్రిలోని స్త్రీల డాక్టరుకు ఒకసారి చూపించనిదే ఒప్పుకోవద్దు. మందులతో తగ్గే జబ్బుకు చేయించుకొన్న ఆపరేషన్ ఉచితమైనా ఖరీదైనదే.

సహకార సంఘాలు చేసి చూపినవి

ఈ విషయంలో సహకార సంఘాలకు పని లేదనుకోవడం సరికాదు. పొరుగున కర్ణాటకలో 2003లో యశస్విని అనే పథకం అమలులోకి వచ్చింది. ప్రసిద్ధ గుండె వైద్యులు డాక్టర్ దేవిశెట్టి దానికి ప్రేరకులు. పల్లెలలోని సహకార సంఘాల సభ్యులకు, అందులో పాల సంఘాల వారికి కూడా, నెలకు రూ. 5 చందాతో ఆపరేషన్ల ఖర్చు భరించే ఏర్పాటు అది. ప్రభుత్వం కొంత కలిపింది. మొదటి ఏడాదే 15 లక్షలకు పైగా సభ్యులు చేరారు. అంత పెద్ద సంఖ్యలో చేరారు గనుకనే అంత చిన్న చందా సరిపోయింది. 2018లో దానిని వేరొక ప్రభుత్వ పథకంలో కలిపివేసినా, సహకార సభ్యుల కోరిక మీద 2022లో తిరిగి ప్రకటించారు.

గుజరాతులో అమూల్ సంస్థాపకులు త్రిభువన్‌దాస్ పటేల్ పేర 1975లో ఏర్పడిన సంస్థ పాల సంఘాన్నే ఆధారం చేసుకొని పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలను నియమించింది. రోజుకు రెండుసార్లు ఊరిలో ప్రతి పాడి ఇంటి మనిషీ వచ్చే చోటు పాల కేంద్రం ఒక్కటే. ఆ సౌకర్యం మన సంఘాలకూ ఉన్నది.

మన సంఘం స్థాయిలో ఏమి చేయవచ్చు?

పెద్ద పథకాలు పైవారు చేస్తారు. చిన్న సంఘం చేయదగిన పని ఒకటి ఉన్నది. 80 మంది సభ్యులున్న సంఘంలో 15 రోజుల బిల్లుకు ఒక్కొక్కరి నుండి రూ. 10 తీసి వేరుగా ఉంచితే బిల్లుకు రూ. 800, ఏడాదికి 24 బిల్లులకు రూ. 19,200. ఆపరేషన్‌కు పోతున్న సభ్యుని ఇంటికి రూ. 5,000 వరకు వడ్డీ లేని అడ్వాన్సు ఇచ్చి, తరువాత బిల్లుకు రూ. 500 చొప్పున 10 బిల్లులలో రాబట్టుకొంటే, ఏకకాలంలో ముగ్గురికి సహాయపడవచ్చు. ముందరి ప్రయాణాలకు, పరీక్షలకు, తోడు మనిషి తిండికి ఈ మొత్తం కొంతవరకు సరిపోతుంది. బేరగాడిని ఇంటికి పిలిపించేది మొదటి వారంలోని ఈ అవసరమే.

అయితే ఇది క్రమపద్ధతిలో జరగాలి. మీ సంఘం 1964 చట్టం కింద నమోదైనదైనా, 1995 చట్టం కింద నమోదైనదైనా, ముందు ఉపనియమాలు చూడండి. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి. బిల్లులో కోతకు ప్రతి సభ్యుని నుండి వ్రాతపూర్వక అంగీకారం తీసుకోండి. బ్యాంకులో వేరు ఖాతా, సంఘంలో వేరు రిజిస్టరు ఉండాలి. సభ్యులకు పంచవలసిన పాల డబ్బు నుండి గాని, దాణా నిల్వ డబ్బు నుండి గాని ఎంత జాలి కలిగినా ఒక్క రూపాయి సర్దరాదు. ఆ సర్దుబాటు ఒకరికి మేలు చేసి 79 మందికి చెల్లింపు ఆలస్యం చేస్తుంది. అడ్వాన్సు మంజూరు అధికారం అధ్యక్షునికి, కార్యదర్శికి కలిపి ఇచ్చి, ఒక్క రోజులో డబ్బు చేతికందే ఏర్పాటు ఉండాలి. పాలకవర్గ సమావేశం కోసం రోగి ఆగలేడు.

రెండవ పని డబ్బు లేకుండా చేయగలిగినది. ఇంటివారంతా ఆసుపత్రిలో ఉంటే పశువుకు మేత వేసేదెవరు, పితికేదెవరు? చాలా ఇళ్ళలో ఎనుమును అమ్మేది డబ్బుకోసమే కాదు, చూసేవారు లేక. ఆ కొద్ది రోజులు ప్రక్క ఇంటి సభ్యుడు బాధ్యత తీసుకొని, ఆ పాలను తన పాలలో కలపకుండా, వేరుగా వెన్న శాతం చూపించి, ఆ సభ్యుని పుస్తకంలోనే పోయించేటట్లు సంఘం చూడాలి. ఓటు హక్కుకు, బోనసుకు పాలు పోసిన రోజుల లెక్క ఉన్న సంఘాలలో దీనివలన సభ్యుని హక్కు కూడా నిలుస్తుంది.

ఇంకా డబ్బు కావలసివస్తే ప్రొద్దుటూరు అంగళ్ళలో నగను తెగనమ్మకుండా, బ్యాంకులోగాని సహకార బ్యాంకులోగాని కుదువ పెట్టడం మేలు; అక్కడి వడ్డీ ఊరి వడ్డీ కంటె తక్కువ. పశువునే అమ్మక తప్పకపోతే ఒట్టిపోయిన దానిని, దున్నను ముందు అమ్మండి. పాలిచ్చే ఎనుము చివరి వరుసలో ఉండాలి.

ఆపరేషన్ నొప్పి కొన్ని వారాలలో తగ్గుతుంది. పాడి పోయిన ఇల్లు తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో అడ్వాన్సు నిధి విషయాన్ని, పశువుల సంరక్షణకు పరస్పర సహాయం విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరడమైనది. 104 నంబరును, దగ్గరి పథకం ఆసుపత్రుల పేర్లను పాల కేంద్రం గోడ మీద అందరికీ కనబడేటట్లు వ్రాయించడం ఈ వారంలోనే చేయదగిన పని. దానికి తీర్మానం కూడా అక్కరలేదు.